ఆచార్య సూరి భగవంతము

1928 ఫిబ్రవరిలో కలకత్తాలో రామన్ ఫలితము వెలువడెను. పదార్థముగుండ ప్రసరించు కాంతిలో అత్యల్పభాగము రంగు మారి వెలుపలికి వచ్చుననియు, ఆ మార్పునుబట్టి అణువుల కంపనములను గ్రహింపవచ్చుననియు లోకమునకు తెలిసెను. ఆ యేడే రామన్ గారి ప్రయోగశాలలో శిష్యులుగా చేరిన తెలుగు యువకులు సూరి భగవంతముగారు.

ఆయన 1909 అక్టోబరు 14వ తేదీన కృష్ణా మండలమందలి ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టము పొందిరి. కలకత్తాలో నేర్చిన విద్యతో 1932లో వాల్తేరు చేరి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉపన్యాసకులైరి. పరిషత్తు పుట్టి అప్పటికి ఆరేండ్లే. ఇరువదియెనిమిదేండ్ల వయసున భగవంతముగారు అచ్చట ఆచార్యులైరి.

స్ఫటికములోని పరమాణువుల అమరికకు ఒక సౌష్ఠవము కలదు. వానిని బంధించు బలములెంతటివో తెలియకున్నను, ఆ సౌష్ఠవమునుబట్టియే రామన్ వర్ణపటమునందు ఎన్ని రేఖలు కనబడదగునో గణితముచేత ముందుగా నిర్ణయింపవచ్చును. ఈ మార్గమును టి. వేంకటరాయుడుగారితో కలిసి 1939లో స్ఫటికములకు అన్వయించి చూపిరి. వారిరువురు సమూహ సిద్ధాంతముపై వ్రాసిన ఆంగ్ల గ్రంథమును 1948లో విశ్వకళాపరిషత్తే ప్రకటించెను. 1969లో అకడమిక్ ప్రెస్ దానిని మరల ముద్రించెను. సముద్రతీరమందలి ఒక పిన్న విద్యాలయము పేరు ఆ విధముగ దేశాంతరముల విద్యార్థుల బల్లలపైకి చేరెను.

తరువాత పదవులు ఆయనను వరించెను. లండనులో భారత ప్రభుత్వ శాస్త్ర సంబంధాధికారిగా పనిచేసి, ఉస్మానియాలో ఆచార్యులై, 1952 నుండి 1957 వరకు దానికే వైస్‌ఛాన్సలరుగా నుండిరి. పిమ్మట బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరైరి. పూర్వము రామన్ గారు అధిష్ఠించిన పీఠమే అది. 1961లో దౌలత్ సింగ్ కొఠారీగారి పిమ్మట రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారై ఢిల్లీ వ్యవహారములలో ప్రవేశించిరి. మరుసటి యేడే చైనాతోను, 1965లో పాకిస్తానుతోను యుద్ధములు వచ్చెను. ఆ క్లిష్టకాలమున రక్షణ పరిశోధనా భారమును 1969 వరకు వహించిరి.

అధికారము పెరిగినకొలది ప్రయోగశాలకు దక్కు వేళ తరుగుట విద్వాంసులకు తప్పని నష్టము. అయినను ఆయన వాల్తేరున నాటిన విద్య శిష్యపరంపరలో నిలిచెను. 1989 ఫిబ్రవరి 6వ తేదీన భగవంతముగారు దివంగతులైరి. ఐ.ఐ.టి.కి చేరువనున్న బేర్ సరాయ్ వీధులలో పుస్తకములు చేతబట్టి తిరుగు మన పిల్లలకు ఆయన జీవితము ఒక్క విషయము చెప్పును: గొప్ప గురువు చెంత నేర్చిన విద్యను సొంతగడ్డపై పాదుకొల్పుట, దానిని ఆర్జించుటకంటె పెద్ద పని.