మీ బైక్ సైలెన్సర్ వెనుక ఓ ఇంజినీర్ కథ.. ఎవరీ యూజీన్ హూడ్రీ?

బెజవాడ బెంజ్ సర్కిల్‌లో సిగ్నల్ పడితే చాలు.. ఎటు చూసినా బైకులే. కొత్త బైకుల పొగగొట్టంలో తేనెతుట్టెలా సన్నని రంధ్రాలున్న ఓ చిన్న భాగం ఉంటుంది. అదే క్యాటలిటిక్ కన్వర్టర్. ఇంజిన్ వదిలే విషవాయువుల తీవ్రతను తగ్గించేది ఇదే. దీనికి బాట వేసిన ఇంజినీర్ యూజీన్ హూడ్రీ. కానీ ఆ కన్వర్టర్ కార్లలో కనిపించే రోజు రాకముందే ఆయన కన్నుమూశారు. అడ్డుపడింది ఎవరో కాదు.. పెట్రోలే!

రేసుల మోజు నుంచి పెట్రోల్ దాకా..

హూడ్రీ 1892 ఏప్రిల్ 18న పారిస్ దగ్గర్లో పుట్టారు. తండ్రిది ఉక్కు వ్యాపారం. 1911లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ ట్యాంకు దళంలో పోరాడి 1917లో గాయపడ్డారు. యుద్ధం అయ్యాక కార్ల రేసుల మీద మోజు పెరిగింది. ఆ మోజే ఆయన్ను ఇంజిన్ నుంచి ఇంధనం వైపు మళ్లించింది.

ముడిచమురులో మిగిలిపోయే బరువైన నూనెను మంచి పెట్రోల్‌గా మార్చాలన్నది ఆయన పట్టుదల. ఇందుకు ఉత్ప్రేరకాన్ని వాడారు. అంటే, తాను కరిగిపోకుండా రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థం. 1930లో అమెరికా వెళ్లారు. 1937లో పెన్సిల్వేనియాలోని మార్కస్ హుక్‌లో ఆయన పద్ధతితో భారీ ప్లాంటు మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాల విమానాలకు మేలురకం పెట్రోల్ అందించడంలో ఈ పద్ధతిదే కీలక పాత్ర.

పొగ మీద పోరు

యుద్ధం ముగిసింది. అమెరికా రోడ్లు కార్లతో నిండిపోయాయి. లాస్ ఏంజెలెస్‌ను పొగమంచు కమ్మేసింది. పెట్రోల్ తయారీలో పేరు తెచ్చుకున్న హూడ్రీ, ఈసారి అదే పెట్రోల్ వదిలే పొగ మీద పడ్డారు. ఆక్సీ-క్యాటలిస్ట్ అనే కంపెనీ పెట్టారు. ఫ్యాక్టరీ చిమ్నీలకు, గోదాముల్లో తిరిగే ఫోర్క్‌లిఫ్టులకు కన్వర్టర్లు తయారు చేశారు. 1956లో పేటెంట్ కూడా వచ్చింది.

మరి కార్లకు ఎందుకు పెట్టలేకపోయారు? అప్పట్లో ఇంజిన్ కొట్టుకోకుండా పెట్రోల్‌లో సీసం కలిపేవారు. ఆ సీసం ఉత్ప్రేరకం మీద పూతలా పేరుకుని దాన్ని చంపేసేది. ఫోర్క్‌లిఫ్టుల్లో సీసం లేని పెట్రోల్ వాడారు కాబట్టే అక్కడ పని చేసింది. 1962 జులై 18న, 70 ఏళ్ల వయసులో హూడ్రీ చనిపోయారు.

బెజవాడ బైకుల్లోకి ఎలా వచ్చింది?

అమెరికాలో సీసం లేని పెట్రోల్ వచ్చాక, 1975 మోడల్ కార్లతో కన్వర్టర్లు మామూలయ్యాయి. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో ముందుగా నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోల్ ఇచ్చారు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా అదే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. ఇంధనంలో గంధకాన్ని 50 పీపీఎం నుంచి 10కి దించారు. గంధకం ఎక్కువైనా ఉత్ప్రేరకం మందగిస్తుంది మరి.

కన్వర్టర్‌లో ప్లాటినం, పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్ ఇక్కడ కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. కాలని పెట్రోల్ ఆవిరి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు మామూలు నైట్రోజన్ అయిపోతాయి.

శబ్దం కోసం తీసేస్తున్నారా?

నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. అయినా కొందరు కుర్రాళ్లు బైక్ గట్టిగా మోగాలని కంపెనీ సైలెన్సర్ పీకేసి వేరేది బిగిస్తున్నారు. చాలా బైకుల్లో దాంతోపాటే కన్వర్టర్ కూడా పోతుంది. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ నేరుగా వెనకున్నవాళ్ల ముక్కులోకే! మోటారు వాహనాల చట్టం ప్రకారం రూ.10 వేల వరకు జరిమానా పడొచ్చు. కల్తీ పెట్రోల్ పోయించినా, ప్లగ్ సరిగా మండకపోయినా కన్వర్టర్ పాడవుతుంది.

హూడ్రీని ఓడించింది సీసం. ఆ సీసం పోయి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు ఆ చిన్న భాగాన్ని కాపాడుకోవాల్సింది బండి నడిపేవాళ్లే.