ఏఎస్ రావు నగర్ పేరు వెనుక ఉన్న మనిషి



మీలో చాలామంది రోజూ రాధిక చౌరస్తా దాటి, ఏఎస్ రావు నగర్ మీదుగా ఈసీఐఎల్ వైపు వెళ్తుంటారు. బస్సు బోర్డు మీద ఆ పేరు చదివి ఆయన ఎవరని మీ అమ్మాయి అడిగితే ఏం చెప్తారు?

ఆయన అయ్యగారి సాంబశివరావు గారు. 1914 సెప్టెంబరు 20న పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, కొంతకాలం అక్కడే పాఠాలు చెప్పారు. టాటా స్కాలర్‌షిప్ మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ చదివి వచ్చారు. తరువాత హోమీ భాభా దగ్గర అణుశక్తి సంస్థలో ఎలక్ట్రానిక్స్ విభాగానికి పెద్ద అయ్యారు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో అప్సర రియాక్టర్ పని మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. దాన్ని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ పరికరాలు మాత్రం రావు గారి బృందం ఇక్కడే తయారు చేసింది. ఆ పని ఎంత బరువైనదో తెలియాలంటే ఒక చిన్న లెక్క చూడాలి. మీ పిల్లలు ఇంజినీరింగ్‌లో చేరితే ఎలాగూ చేసే లెక్కే.

రియాక్టర్‌లో ఎంత శక్తి పుడుతోందో కంటికి కనబడదు. న్యూట్రాన్లను పసిగట్టే డిటెక్టర్ నుంచి వచ్చే అతి చిన్న కరెంటును చూసి తెలుసుకోవాలి. మోటార్లు, పంపులు, కరెంటు లైను కలిపే గోల కూడా అందులోనే ఉంటుంది. నెమ్మదిగా మారే సిగ్నల్‌ను పోనిచ్చి, వేగంగా ఊగే గోలను తగ్గించేదాన్ని లో-పాస్ ఫిల్టర్ అంటారు. దానికి ఆంప్లిఫయర్ తోడైతే యాక్టివ్ ఫిల్టర్. రెసిస్టర్ విలువను కెపాసిటర్ విలువతోనూ, 2πతోనూ గుణించి, 1ని ఆ వచ్చినదానితో భాగిస్తే కటాఫ్ ఫ్రీక్వెన్సీ వస్తుంది. 10 కిలో ఓములు, 0.01 మైక్రోఫారడ్ తీసుకుంటే సుమారు 1,590 హెర్ట్జ్.

మన ఇళ్లలో కటాఫ్ అంటే ఒక్క మార్కు తగ్గినా సీటు పోయే గీత. ఫిల్టర్ కటాఫ్ అలాంటి గీత కాదు. అక్కడ కూడా ఓల్టేజిలో 71 శాతం వస్తూనే ఉంటుంది, ఆపైన మెల్లమెల్లగా తగ్గుతుంది. అలాంటివి రెండు వరసగా పెడితే? 71 శాతంలో 71 శాతం అంటే సగమే. కాబట్టి అసలు కటాఫ్ 1,020 దగ్గరికి దిగిపోతుంది. సూత్రం బట్టీ పట్టినవాళ్లు మాత్రం 1,590 అనే రాస్తారు, బాగా చదివేవాళ్లు కూడా. ఈ జారుడు లేకుండా దశలను ఎలా పొందించాలో 1930లోనే బ్రిటన్‌కు చెందిన బటర్‌వర్త్ అనే ఇంజినీరు లెక్కగట్టాడు.

సరైన లెక్క వచ్చినా పని అయిపోదు. ఉదాహరణకు కటాఫ్‌ను 1.6 హెర్ట్జ్ దగ్గర పెట్టారనుకోండి. 50 హెర్ట్జ్ కరెంటు లైను గోల 3 శాతానికి పడిపోతుంది, మీటరు ముల్లు కదలకుండా నిలబడుతుంది. కానీ రియాక్టర్‌లో శక్తి ఒక్కసారిగా పెరిగితే, సెకనులో పదో వంతు గడిచాక కూడా ఆ పెరుగుదలలో 63 శాతమే కనిపిస్తుంది. పోనీ 160 హెర్ట్జ్ పెడదామా? వార్త వెంటనే అందుతుంది, కానీ గోలలో 95 శాతం కూడా లోపలికి వస్తుంది. అప్పుడు ఏ ప్రమాదమూ లేకుండానే రియాక్టర్ ఆగిపోవచ్చు. ఎక్కడ పెట్టాలో సూత్రం చెప్పదు, ఆ యంత్రం తెలిసినవాళ్లే చెప్పాలి. మూతపెట్టిన డబ్బాగా విదేశం నుంచి కొనుక్కుంటే ఆ నిర్ణయం మన చేతిలో ఉండదు. రావు గారు చేసిన పని విలువ నాకు ఇక్కడే కనిపిస్తుంది.

1962 యుద్ధం తర్వాత, దేశానికి ఎలక్ట్రానిక్స్ ఎలా సమకూర్చుకోవాలో చెప్పడానికి 1963లో భాభా అధ్యక్షతన కమిటీ వేశారు. సభ్యుల్లో విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం గార్లతో పాటు రావు గారూ ఉన్నారు. నివేదిక వచ్చే వేళకు భాభా లేరు, 1966 జనవరిలో విమాన ప్రమాదంలో పోయారు. మరుసటి ఏడాది, 1967 ఏప్రిల్ 11న, ఈసీఐఎల్ పుట్టింది. ట్రాంబే ప్రయోగశాలలో చేసి చూసిన పరికరాలను మన ఊళ్లో ఫ్యాక్టరీ సరుకుగా మార్చడం ఇక రావు గారి బాధ్యత. రియాక్టర్ పరికరాలతో పాటు టీడీసీ-12 కంప్యూటరూ, ఈసీ టీవీలూ అక్కడి నుంచే వచ్చాయి. మీ అమ్మానాన్నలను అడగండి, ఆ టీవీ చుట్టూ వీధంతా కూర్చున్న రోజులు గుర్తుండే ఉంటాయి.

1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ అందుకున్నారు. 2003 అక్టోబరు 31న కన్నుమూశారు. ఈసీఐఎల్ ఉద్యోగులు ఇళ్లు కట్టుకున్న కాలనీకి ఆయన పేరే పెట్టుకున్నారు. మన బడి బస్సు రోజూ ఆగేది అక్కడే.