జోళ్ళు కుట్టు బల్లయొద్ద నేర్చిన పాఠము
(విలియం కేరీగారి జీవితము)

ధ్యానమునకు: విలాపవాక్యములు 3:25–33, హెబ్రీయులకు 12:5–11



చిన్ననాట మెడమీద పడిన బరువు మనుష్యునికి మేలే చేయునని ప్రవక్త తన కన్నీటి గ్రంథములో వ్రాసెను. ఈ మాట రైతుకు తెలియును. కోడెకు మొదట కాడి కట్టిన దినమున అది పెనుగులాడును. కొన్ని దినములు గడచిన పిమ్మటనే చాలు తిన్నగా వచ్చును. అయితే కాడి మోసిన ప్రతివాడును భక్తుడగునా? కష్టములలో పెరిగి కఠినులైనవారు లేరా? ఈ ప్రశ్నకు విలియం కేరీగారి జీవితము మంచి జవాబు చెప్పుచున్నది.

కేరీగారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండు దేశములో పాలర్స్‌పరీ అను పల్లెలో జన్మించెను. తండ్రి సాలెవాడు; తరువాత ఆ ఊరి బడిపంతులాయెను. ఇంట ఆస్తి లేదు. పిల్లవాడు పొలము పనికి వెళ్ళగా, ఎండ తగిలినప్పుడెల్ల అతని చర్మము మండి బాధించెను. అందుచేత తండ్రి అతనిని ఇంచుమించు 14వ యేట జోళ్ళు కుట్టువాని యొద్ద పని నేర్చుకొనుటకు పెట్టెను. ఎండకు తాళలేని ఆ బాలుడే తరువాత 40 సంవత్సరములు మన దేశపు ఎండలలో సేవ చేసెను. దేవుని మార్గములు ఎంత వింతైనవి!

ఆ పనివాని యొద్ద ఉన్న దినములలోనే అతనిని విరుగగొట్టిన సంగతి యొకటి జరిగెను. అది క్రిస్మసు కాలము. ఒక దుకాణదారుడు బహుమానముగా అతనికి ఒక షిల్లింగు ఇచ్చెను. అది చెల్లని నాణెమని తరువాత తెలిసెను. అతడు యజమానుని డబ్బులోనుండి మంచి షిల్లింగును తీసికొని, చెల్లనిదానిని దాని స్థానమున పెట్టి, యజమానుని నాణెమే చెల్లనిదని చెప్పుటకు నిశ్చయించుకొనెను. దారి పొడుగున దేవునికి ప్రార్థన చేసెను. ఈ ఒక్క అబద్ధము దాటిపోయినచో ఇకమీదట మంచివాడుగా బ్రదికెదనని మ్రొక్కుకొనెను. దేవుడు ఆ ప్రార్థన ఆలకించలేదు. యజమానుడు విచారింపగా నిజము బయటపడెను. పల్లె అంతయు తెలిసిపోయెనని తలంచి, కేరీగారు సిగ్గుచేత చాలాకాలము గుడికి వెళ్ళలేకపోయెను.

సంఘస్థులారా, ఇక్కడ ఆగి ఆలోచించుడి. బీదరికము అతనిని అప్పటికి మార్చలేదు. క్రమముగా గుడికి వెళ్ళుటయు మార్చలేదు. తన మంచితనము చెల్లని నాణెమని తెలిసికొన్న ఆ సిగ్గే అతనిని రక్షకుని వెదకునట్లు చేసెను. అతనితోకూడ పనిచేయు జాన్ వార్ అను యౌవనుడు విసుగక క్రీస్తును గూర్చి చెప్పుచు, పుస్తకములిచ్చుచు వచ్చెను. 1779 నాటికి కేరీగారు తన్ను తాను ప్రభువునకు అప్పగించుకొనెను. 1783 అక్టోబరు 5న నేన్ నదిలో బాప్తిస్మము పొందెను.

కష్టములు అంతటితో తీరలేదు. పెండ్లియైన కొంతకాలమునకు తొలిచూలు కుమార్తె జ్వరముతో చనిపోయెను. తానును ఆ జ్వరముచేత చిక్కిపోయెను. అయినను జోళ్ళు కుట్టుచునే లాటిను, గ్రీకు, హెబ్రీ భాషలు నేర్చుకొనెను. చేత సూది, ఎదుట పుస్తకము. జోడు ఒక్క కుట్టుతో సిద్ధము కాదు. భాష ఒక్క దినములో రాదు. మొదలుపెట్టిన పని విడువకుండుట అతడు నేర్చిన గొప్ప పాఠము.

1793 నవంబరులో కుటుంబముతో బంగాళమునకు వచ్చెను. తోలు పనిని నీచముగా ఎంచిన దేశమునకు ప్రభువు ఒక తోలు పనివానిని పంపెను! మరుసటి యేడు 5 ఏండ్ల కుమారుడు పీటరు మరణించెను. భార్య డోరతీగారికి మతి చలించి, 1807లో మరణమగువరకు ఆమె స్వస్థపడలేదు. 7 సంవత్సరములు శ్రమించినను హిందువులలో ఒక్కడును బాప్తిస్మము పొందలేదు. 1800 డిసెంబరు 28న కృష్ణపాల్ అను వడ్రంగి మొదటి ఫలమాయెను.

1812 మార్చి 11వ తేదీ సాయంకాలము సేరంపూరు ముద్రణాలయము తగలబడెను. కాగితములు, అచ్చు అక్షరములు, అనేక సంవత్సరముల వ్రాతప్రతులు కాలిపోయెను. కేరీగారు వ్రాసిన తెలుగు వ్యాకరణమును ఆ అగ్నిపాలాయెను. మరునాడు ఆ వార్త వినినప్పుడు ఆయన కన్నీరు విడిచెను. అయితే దేవునిమీద సణుగలేదు. వ్రాసినదానినే మరల మొదటినుండి వ్రాయుటకు కూర్చుండెను. 1814లో తెలుగు వ్యాకరణము అచ్చుపడెను. 1818లో సేరంపూరునుండి తెలుగు నూతన నిబంధన వెలువడెను. నేడు మన చేతులలోనున్న తర్జుమా అది కాకపోయినను, మన భాషకొరకు పడిన ఆ ప్రయాసమును మనము మరువరాదు.

ఒక సంగతి దాచకూడదు. ఇంత క్రమము నేర్చిన ఈ దైవజనుడు తన కుమారులను క్రమములో పెట్టుటకు వెనుదీసెను. పనిభారము, తల్లి వ్యాధి, ఆయన మెత్తని స్వభావము కారణముగా వారు అదుపు లేక పెరిగిరి. మార్ష్‌మన్ దొరసానిగారును వార్డుగారును వారిని చేరదీసి, ప్రేమతో దిద్దిరి. పెద్దవాడైన ఫీలిక్సు తరువాత బర్మాకు మిషనెరీగా వెళ్ళెను. తండ్రి మోసిన కాడి కుమారునికి ఆస్తివలె సంక్రమింపదని దీనివలన తెలిసికొనుచున్నాము. ప్రతి తరమును దానిని క్రొత్తగా నేర్వవలెను.

తలిదండ్రులారా, మా కష్టము మా పిల్లలకు వద్దని మీరు కోరుట సహజమే. ఆకలి వద్దు, అవమానము వద్దు. అయితే పని, వేకువ ప్రార్థన, సత్యము పలుకుట అను కాడిని వారి మెడనుండి తీసివేయకుడి. బిడ్డ అబద్ధము బయటపడినప్పుడు దానిని కప్పిపుచ్చకుడి, కసితో కొట్టకుడి. ఆ ఘడియలో అతనిని క్రీస్తునొద్దకు నడిపించుడి. మీ ఇంట అట్టివాడు లేనిచో, పొరుగింటి బిడ్డకు జాన్ వార్ వలె, వార్డుగారివలె ఉండుడి.

యౌవనులారా, కూలికి వెళ్ళుచు చదువుకొనువారలారా, మీ దినములు వ్యర్థము కావు. అయితే కష్టపడితిమను గర్వము మిమ్మును రక్షింపదు. కాడిని ప్రభువు చేతినుండి తీసికొనుడి.

కేరీగారు 1834 జూన్ 9న సేరంపూరులో ప్రభువునందు నిద్రించెను. స్వదేశము మరల చూడలేదు.

ప్రార్థన: తండ్రీ, నీ శిక్షయందు నీ ప్రేమను చూచునట్లు మా కన్నులు తెరువుము. మా బిడ్డలను నీ కాడిక్రింద నడిపింపుము. యేసు నామమున, ఆమేన్.