సిమ్లా గుమాస్తా

రాజ్యసభ పూర్వ సభ్యుల వివరాలతో సచివాలయం ప్రచురించిన జాబితాలు నాబోటి పార్లమెంటు విలేఖరికి పంచాంగం వంటివి. ఎప్పుడు ఏ పేరు అవసరపడుతుందో చెప్పలేము. వాటిలో న్యాయవాదులు కోకొల్లలు. వ్యవసాయదారులమని రాయించుకున్న జమీందారులూ తక్కువేమీ కారు. వారి నడుమ బీహారు రాష్ట్రం పేర నమోదైన ఒక పంజాబీ వ్యాపారి కనిపిస్తాడు. ఆయన 1962 నుంచి 1968 వరకు రాజ్యసభలోను, 1968 ఉప ఎన్నికలో హజారీబాగ్ నుంచి గెలిచి 1970 డిసెంబరులో సభ రద్దయ్యేదాకా లోక్‌సభలోను, తిరిగి 1972 నుంచి 1978 వరకు రాజ్యసభలోను కూర్చున్నాడు. ఆయన రాయ్ బహదూర్ మోహన్ సింగ్ ఒబెరాయ్. దేశంలోని పెద్ద నగరాల్లో ధనికులు రాత్రి బస చేసే హోటళ్ల మీద ఆ ఇంటిపేరు చదవని వారుండరు. ఆ పేరు గల మనిషి ఒకప్పుడు రాజ్యాంగ సవరణల మీద ఓటు వేసే హక్కు గలవాడని ఎరిగినవారు మాత్రం అరుదు.

మన తెలుగునాట హోటలంటే ఇడ్డెన్లు, కాఫీ దొరికే చోటు. పడుకోవలసి వస్తే లాడ్జి. అంతకు పూర్వం సత్రాలు, పూటకూళ్ల ఇళ్లు. సత్రం భోజనం, మఠం నిద్ర అన్న సామెత పుట్టిన సమాజంలో పరాయి ఊరిలో ఒక రాత్రి నిద్రకు వేలకు వేలు చెల్లించడం నిన్నమొన్నటి దాకా వింతే. ఆ వింతను భారతీయుల వ్యాపారంగా మలచిన వారిలో ఇద్దరిని ముందు చెప్పుకోవాలి. మొదటివాడు 1903లో బొంబాయిలో తాజ్‌మహల్ హోటలు తెరిచిన జంషెడ్జీ టాటా. అయితే టాటాకు అప్పటికే మిల్లులున్నాయి, సంపద ఉంది. రెండవవాడైన ఒబెరాయ్‌కి ఏమీ లేదు. నాకు ఈ రెండవ కథ మీదే ఆసక్తి ఎక్కువ.

ఆయన జన్మస్థలం జీలం జిల్లాలోని భౌన్ అనే పల్లె. అది ఇప్పుడు పాకిస్తాన్‌లోని పంజాబులో, చక్వాల్ జిల్లాలో ఉంది. పుట్టిన తేదీ 1898 ఆగస్టు 15. ఆరు నెలల పసివాడుగా ఉండగానే తండ్రి గతించాడు. తల్లి భాగవంతి కష్టపడి పెంచింది. రావల్పిండిలో, లాహోరులో చదువు సాగింది గాని డబ్బు చాలక మధ్యలోనే ఆగిపోయింది. బంధువు లాహోరులో నడుపుతున్న చెప్పుల కర్మాగారంలో కొన్నాళ్లు పని చేశాడు. 1919లో పంజాబు అట్టుడికినప్పుడు అదీ మూతబడింది. 1920లో ఇస్రాన్ దేవితో వివాహమైంది. ఉద్యోగం లేదు. స్వగ్రామంలో ప్లేగు చెలరేగింది. తల్లి ఇచ్చిన పాతిక రూపాయలతో 1922లో సిమ్లా చేరాడు.

ఆనాటి సిమ్లా అంటే ఏమిటో నేటి పాఠకులకు కొంత చెప్పాలి. వేసవి వచ్చిందంటే వైస్రాయి మొదలు చప్రాసీ వరకు ప్రభుత్వం మొత్తం ఆ కొండ ఎక్కేది. దస్త్రాలు, వాటి వెంట గుమాస్తాలు, అర్జీదారులు, సంస్థానాధీశులు, వారి దివాన్లు కదిలేవారు. కొండ మీద ఇళ్లు పరిమితం. కనుక హోటలు గది అక్కడ విలాసం మాత్రమే కాదు, రాజకీయపు అవసరం కూడాను. వాటిలో మకుటం సెసిల్ హోటలు. ప్రభుత్వోద్యోగం కోసం ప్రయత్నించి విఫలుడైన ఒబెరాయ్ ఒకనాడు ఆ హోటలు మెట్లెక్కి పని అడిగాడు. నెలకు ఏభై రూపాయల జీతం మీద గుమాస్తా పని దొరికింది. వచ్చినవారి పేర్లు రాసుకోవడం, లెక్కలు చూడడం, అవసరమైతే బొగ్గు తూకం కనిపెట్టడం వరకు అన్నీ ఆ పనిలోనివే.

ఆ రోజుల్లో స్వరాజ్య పార్టీ నాయకుడు మోతీలాల్ నెహ్రూ ఆ హోటల్లో దిగేవాడు. ఒక రాత్రి ఆయనకు ఒక నివేదిక తెల్లవారేసరికి టైపు కావలసి వచ్చింది. గుమాస్తా రాత్రంతా మేలుకొని పూర్తి చేసి పొద్దున్నే చేతికిచ్చాడు. మోతీలాల్ నూరు రూపాయల నోటు ఇచ్చాడు. అది రెండు నెలల జీతం! ఇది ఒబెరాయ్ తన నోటితోనే పలుమార్లు చెప్పుకొన్న సంగతి. ధనవంతులైన వారు తమ పేదరికపు రోజుల కథలను కొంత మెరుగుపెట్టి చెప్పడం లోకంలో ఉన్నదే. అయినా నేను దీనిని నమ్ముతాను. మోతీలాల్ చేతి ధారాళత్వం ఎరిగినవారెవరికీ ఇందులో అతిశయోక్తి కనిపించదు.

సెసిల్‌లో పైఅధికారి అయిన ఎర్నెస్ట్ క్లార్క్ అనే ఆంగ్లేయుడు సొంతంగా సిమ్లాలోనే ఒక హోటలు నడపసాగాడు. తెలివైన గుమాస్తాను తన వెంట తీసుకుపోయాడు. ఒబెరాయ్ వ్యాపారపు మర్మాలన్నీ అక్కడే నేర్చాడు. క్లార్క్ దంపతులు స్వదేశానికి మరలదలచినప్పుడు హోటలు అమ్మకానికి వచ్చింది. తనకున్న కొద్దిపాటి ఆస్తితోబాటు భార్య నగలను తాకట్టు పెట్టి 1934లో ఆయన దానిని కొన్నాడు. ఇస్రాన్ దేవి పేరు హోటళ్ల చరిత్రలో తగినంత కనిపించదు. ఆ నగలే లేకుంటే తరువాతి కథ ఏదీ లేదు. ఇంటి ఇల్లాలి మెడలోని బంగారం పెట్టుబడిగా మారి, యజమానిగా భర్త పేరు నిలవడం మన దేశపు వ్యాపార చరిత్రలో పరిపాటి. దానిని లెక్కగట్టిన అర్థశాస్త్రవేత్త ఎవరూ నాకు తారసపడలేదు.

ఆ తరువాతి మెట్టు కలకత్తా. చౌరంగీలో ఆర్మీనియన్ జాతీయుడైన స్టీఫెన్ కట్టించిన గ్రాండ్ హోటలు సుమారు ఐదువందల గదుల మహాసౌధం. హోటల్లో అంటువ్యాధి సోకి అతిథులు మరణించడంతో దానికి తలుపులు పడ్డాయి. నీటి గొట్టాల మీద, మురుగు మీద అనుమానం. ఆ కట్టడం వైపు ఎవరూ కన్నెత్తి చూడని కాలంలో, 1938లో, ఒబెరాయ్ దానిని లీజుకు తీసుకున్నాడు. జనం మళ్లీ రావాలంటే ముందు భయం పోవాలి. భయం పోవాలంటే తాగే నీరు బాగుండాలి. హోటలు గొప్పతనం షాండిలియర్ దీపాల్లో లేదు, కనిపించని గొట్టాల్లో ఉందని ఆయనకు అప్పుడే బోధపడి ఉంటుంది. మరుసటి ఏడు రెండవ ప్రపంచయుద్ధం వచ్చింది. కలకత్తా బ్రిటిషు, అమెరికన్ సైనికులతో నిండిపోయింది. వారికి బస కావలసి వచ్చింది. గ్రాండ్ హోటలు గదులు నిండాయి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. 1943లో అదే కలకత్తా వీధుల్లో బెంగాలు కరువు బాధితులు గంజి కోసం అర్థిస్తూ ప్రాణాలు విడిచారు. చౌరంగీలో సోల్జర్ల విందులు, బయట కాలిబాట మీద శవాలు. ఆ ఏటనే ఒబెరాయ్ అసోసియేటెడ్ హోటల్స్ ఆఫ్ ఇండియా కంపెనీలో అధిక వాటాలు సంపాదించాడు. ఆ ఏటనే బ్రిటిషు ప్రభుత్వం రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చింది. కరువుకు ఆయన బాధ్యుడు కాడు. కాని ఆ సంవత్సరం ఆయన జీవితంలో శుభసంవత్సరంగా మాత్రమే నమోదు కావడం నాకు మింగుడుపడదు. ఆ కొనుగోలుతో దేశంలోని అతి పెద్ద హోటళ్ల వరుస మొట్టమొదటిసారిగా ఒక భారతీయుడి చేతికి వచ్చింది. అందులో సెసిల్ ఒకటి. ఇరవై ఒక్క సంవత్సరాల క్రితం పని అడిగిన హోటలుకే ఆయన యజమాని అయ్యాడు. 1945 సిమ్లా సమావేశానికి వచ్చిన మహమ్మదలీ జిన్నా దిగింది ఆ హోటల్లోనే.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఆయనకు నలభై తొమ్మిదేళ్లు నిండాయి. పుట్టిన ఊరు ఆనాటితో విదేశమయింది. కంపెనీ హోటళ్లలో లాహోరులోని ఫాలెట్టీస్, రావల్పిండిలోని ఫ్లాష్‌మన్స్, పెషావరులోని డీన్స్, మర్రీలోని సెసిల్ సరిహద్దుకు ఆవల ఉండిపోయాయి. కొన్నేళ్లు ఎలాగో నడిచాయి. 1965 యుద్ధంతో చేజారాయి. రాడ్‌క్లిఫ్ గీత పొలాలను చీల్చిందని, ఇళ్లను చీల్చిందని చదువుతాము. అది ఒక కంపెనీ జమాఖర్చుల పుస్తకాన్నీ చీల్చింది.

ఢిల్లీలో ఈ కంపెనీ నడిపిన ఇంపీరియల్ హోటలుకు సంబంధించి తెలుగువారికి ఆసక్తి కలిగించే ఒక ముచ్చట ఉంది. ఆ హోటల్లో రెండు గదులను ఒక క్షౌరశాలకు ఇచ్చారు. అది కిరాయా, లేక కేవలం వాడుకొనే అనుమతా అనే వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1959 నాటి ఆ తీర్పులో లీజుకు, లైసెన్సుకు గల భేదాన్ని విడమరచి చెప్పినవారు రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు. పత్రానికి ఏ పేరు పెట్టారన్నది ముఖ్యం కాదు, ఇచ్చిపుచ్చుకున్నవారి ఉద్దేశమేమిటో చూడాలన్నది అందులోని సారాంశం. ఇంటి అద్దె తగాదాలలో మన జిల్లా కోర్టుల ప్లీడర్లు ఆ కేసును ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉంటారు. మంగలి కుర్చీ దగ్గర మొదలైన తగవు ఇంత దూరం ప్రయాణించింది! 1947 జూన్‌లో ముస్లిం లీగ్ కౌన్సిల్ సమావేశమై విభజన ప్రణాళికను ఆమోదించింది కూడా ఆ ఇంపీరియల్‌లోనే.

నెహ్రూ ప్రభుత్వానికి హోటళ్లంటే చిన్నచూపు లేదు. 1956లో యునెస్కో మహాసభలు ఢిల్లీలో జరపాలనుకున్నప్పుడు ప్రతినిధులకు చాలినన్ని గదులు లేవని తేలింది. ప్రభుత్వమే చాణక్యపురిలో అశోకా హోటలు కట్టించింది. ప్రైవేటు రంగం నుంచి దానికి జవాబు 1965లో వచ్చింది. గోల్ఫు మైదానం పక్కన అమెరికన్ సంస్థ ఇంటర్‌కాంటినెంటల్ భాగస్వామ్యంతో ఒబెరాయ్ కట్టిన హోటలు తెరుచుకుంది. విదేశీ సంస్థతో చేయి కలిపిన ఆధునిక హోటలు దేశంలో అదే మొదటిది. విదేశీ మారకద్రవ్యం కోసం దేశం అల్లాడుతున్న రోజులవి. పర్యాటకుడి డాలరు మంత్రులకు సైతం తీపి. గదులు సర్దే పనిలో స్త్రీలను నియమించడం ఆనాటికి సాహసమే. 1966లో హోటలు నిర్వహణ నేర్పే పాఠశాల పెట్టాడు. 1973లో బొంబాయి నారిమన్ పాయింటులో ముప్పై అయిదు అంతస్తుల హోటలు లేచింది. కైరోలో పిరమిడ్ల చెంత మీనా హౌస్ నిర్వహణ కూడా చేపట్టాడు. హైదరాబాదు బంజారా హిల్స్‌లో కృష్ణా ఒబెరాయ్ అన్న పేరు పాత తరం పాఠకులకు జ్ఞాపకముండే ఉంటుంది. అది తరువాత తాజ్ కృష్ణ అయింది.

ఇక పార్లమెంటు సంగతి. పంజాబులో పుట్టి, సిమ్లాలో ఎదిగి, ఢిల్లీలో స్థిరపడిన వ్యక్తి బీహారుకు ప్రతినిధి ఎట్లా అయ్యాడు? ఆనాటి చట్టం ప్రకారం రాజ్యసభ అభ్యర్థి ఆ రాష్ట్రంలో ఓటరుగా నమోదై ఉండాలి. ఆ నిబంధనను ధనవంతులు ఏ విధంగా తృప్తిపరచేవారో అందరికీ తెలిసిన రహస్యమే. 2003లో చట్టం మార్చి ఆ షరతునే తొలగించారు, బహిరంగ ఓటింగు పెట్టారు. 2006లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. రాష్ట్రాల సభలో పారిశ్రామికవేత్తల ప్రవేశం గురించి నేడు గగ్గోలు పెట్టేవారు ఒబెరాయ్ వంటివారు అరవై ఏళ్ల కిందటే దారి వేశారని గమనించాలి. ఒక తేడా మాత్రం ఉంది. రామ్‌గఢ్ రాజవంశపు పలుకుబడి బలంగా ఉండిన హజారీబాగ్‌లో ప్రజల ఎదుటికి వెళ్లి ఓట్లడిగి గెలిచాడాయన. నేటి వ్యాపార సభ్యులలో ఆ ఎండలో తిరగగల వారెందరో వేళ్ల మీద లెక్కించవచ్చు. ఆయన లోక్‌సభలో ఉన్న కాలంలోనే, 1970లో, రాజభరణాల రద్దు బిల్లు అక్కడ నెగ్గి రాజ్యసభలో వెంట్రుకవాసిలో ఓడింది. మరుసటి సంవత్సరం భరణాలు పోనే పోయాయి. భరణాలు పోయిన మహారాజుల కోటలు ఒకటొకటిగా హోటళ్లయ్యాయి. శ్రీనగర్‌లో హరిసింగ్ మహారాజు సౌధాన్ని ఏభయ్యో దశకంలోనే హోటలుగా మార్చి ఆ మార్గం చూపిన వాడు ఒబెరాయ్.

అయిదు నక్షత్రాల హోటలుకు, ప్రజాజీవితానికి గల బంధం ఆ తరువాత ఎన్ని రూపాలు ధరించిందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 1995 ఆగస్టులో హుసేన్‌సాగర్ ఒడ్డున వైస్రాయి హోటలు ఒక ముఖ్యమంత్రి భవితవ్యాన్ని తేల్చింది. 2009లో అధికార నివాసాలు సిద్ధం కాలేదంటూ ఖరీదైన హోటళ్లలో ఉన్న ఇద్దరు కేంద్రమంత్రులను, పొదుపు పాటించాలంటూ ఆర్థికమంత్రి ప్రణబ్ ముఖర్జీ ఖాళీ చేయించారు. సొంత డబ్బే చెల్లించామని వారన్నారు. ప్రశ్న బిల్లు ఎవరు కట్టారన్నది కాదు. అంతటి సొంత డబ్బు గలవారు ఎవరికి ప్రతినిధులన్నది అసలు ప్రశ్న. పార్లమెంటులో దానిని సూటిగా అడిగినవారు నాకు కనబడలేదు.

ఒబెరాయ్‌కి 2001లో పద్మభూషణ్ ఇచ్చారు. రాయ్ బహదూర్ తరువాత పద్మభూషణ్ రావడానికి ఏభై ఎనిమిదేళ్లు పట్టింది. 2002 మే 3న నూట మూడేళ్ల వయసులో ఆయన మరణించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వం తన హోటళ్లను వరుసగా అమ్ముతోంది. కుతుబ్, లోధీ, రంజిత్, కనిష్క చేతులు మారాయి. బొంబాయి విమానాశ్రయం వద్ద సెంటార్ హోటలును 83 కోట్లకు కొన్న సంస్థ కొద్ది నెలల్లోనే 115 కోట్లకు మరొకరికి అమ్ముకోవడం మీద ఉభయ సభలూ దద్దరిల్లాయి. ఒక గుమాస్తా భార్య నగలు కుదువబెట్టి హోటలు కొన్నాడు. ఒక ప్రభుత్వం ఉన్న హోటలును వచ్చిన ధరకు వదిలించుకుంది.

పెద్ద కుమారుడు తిలక్‌రాజ్ 1984లోనే గతించగా, వ్యాపారాన్ని నడిపిన చిన్న కుమారుడు పృథ్వీరాజ్ సింగ్ 2023 నవంబరులో కన్నుమూశాడు. చాలాకాలం మూసి ఉంచి మరమ్మతు చేసిన సిమ్లా సెసిల్ 1997లో, వృద్ధుడు బతికి ఉండగానే, తిరిగి తెరుచుకుంది. క్లార్క్ దొర దగ్గర కొన్న హోటలు కూడా ఆ కుటుంబ సంస్థ చేతిలోనే ఉంది. లాహోరులో ఫాలెట్టీస్ ఆ పేరుతోనే నేటికీ నడుస్తోంది, వేరే యజమానుల కింద.