పిల్లకాలువల గుట్టు విప్పిన క్రోగ్

జమ్మలమడుగు నుంచి గండికోట 15 కిలోమీటర్లు. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం చూసుకుని, పెన్నా లోయ అంచున ఎర్రటి బండల మీద ఎక్కి దిగి ఇంటికి చేరినవాళ్లకు ఆ రాత్రి పిక్కలు సలపడం మామూలే. ఎక్కుతున్నంత సేపూ ఆ పిక్కల కండరం కూర్చున్నప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. అది ఎక్కడి నుంచి వస్తుంది? గుండె వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి అని చాలామంది చెబుతారు. అది సగం జవాబే. మిగతా సగాన్ని వెతికి, లెక్కగట్టి చూపించింది డెన్మార్క్‌కు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్. మధుమేహం ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలుసుకోవలసిన జీవితం ఆయనది.

ఓడలు కట్టే ఇంటి పిల్లవాడు

క్రోగ్ 1874 నవంబరు 15న డెన్మార్క్‌లోని గ్రెనో అనే చిన్న రేవు పట్టణంలో పుట్టారు. తండ్రి ఓడలు కట్టేవారు. పిల్లవాడికి చిన్నప్పటి నుంచీ పురుగులన్నా, పరికరాలన్నా ఒకటే ఇష్టం. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివి, 1897లో క్రిస్టియన్ బోర్ ప్రయోగశాలలో చేరారు. అణువు నిర్మాణాన్ని వివరించిన నీల్స్ బోర్‌కు ఈయన తండ్రి. రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగితే ఎర్రకణాలు ఆక్సిజన్‌ను సులువుగా వదిలేస్తాయని 1904లో లోకానికి చెప్పిన ముగ్గురిలో గురువు బోర్‌తో పాటు శిష్యుడు క్రోగ్ కూడా ఉన్నారు. కష్టపడుతున్న కండరానికే ఎక్కువ ఆక్సిజన్ దక్కడానికి ఇదొక కారణం.

1905లో ఆయన మేరీని పెళ్లి చేసుకున్నారు. ఆమె వైద్యురాలు, పరిశోధకురాలు కూడా. ఇద్దరూ కలిసి గురువుగారి నమ్మకాన్నే పరీక్షకు పెట్టవలసి వచ్చింది. ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ను గ్రంథిలా పనిచేసి రక్తంలోకి నెట్టుతాయని బోర్ నమ్మేవారు. చిన్న గాలిబుడగతో రక్తంలోని వాయువుల ఒత్తిడిని కొలిచే పరికరాన్ని క్రోగ్ తయారుచేశారు. దాంతో కొలిచి చూస్తే, ఎవరూ నెట్టడం లేదు, ఒత్తిడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి ఆక్సిజన్ తనంతట తానే వెళుతోందని తేలింది. 1910లో వరుసగా వచ్చిన ఏడు పరిశోధన పత్రాలు ఈ సంగతిని తేల్చేశాయి. అన్నం పెట్టిన గురువుకు ఎదురు చెప్పడం ఆ దంపతులకు తేలిక కాలేదు. అయినా కొలత చెప్పినదాన్ని దాచలేదు. ఆ తర్వాత మేరీ 1914లో ఊపిరితిత్తుల గోడల గుండా వాయువులు ఎంత జరుగుతాయో కొలిచి డాక్టరేట్ పొందారు. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల్లో ఈనాడు చేయించే డిఫ్యూజన్ పరీక్షకు మూలం ఆమె పనిలోనే ఉంది.

మడవ ఎవరు తిప్పుతారు?

గండికోట జలాశయం నిండినంత మాత్రాన పొలం తడవదు. పెద్ద కాలువ నుంచి చిన్న కాలువకు, అక్కడి నుంచి పిల్లకాలువకు, చివరికి మడిలోకి నీరు రావాలి. మన ఒంట్లోనూ ఇంతే. గుండె జలాశయమైతే ధమనులు పెద్ద కాలువలు. చిట్టచివరి పిల్లకాలువలు కేశనాళికలు. వీటిని కప్ప ఊపిరితిత్తిలో సూక్ష్మదర్శినితో మొదట చూసింది ఇటలీ వైద్యుడు మాల్పీగీ, 1661లో. పేరుకు కేశనాళికలే అయినా ఇవి వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్ననివి. ఎర్రకణం అడ్డుకొలత మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఏడెనిమిది. చాలా కేశనాళికల్లో అది మెలిక తిరిగి, వంగి, ఒక్కొక్కటిగా దూరి వెళ్లవలసిందే. ఆక్సిజన్ చేతులు మారేది ఆ ఇరుకులోనే.

కండరం పనిలోకి దిగగానే అక్కడ ఆక్సిజన్ వాడకం అమాంతం పెరుగుతుంది. అప్పటికే తెరిచి ఉన్న కొద్ది నాళికల్లోనే రక్తం వేగంగా పారితే సరిపోతుందా? సరిపోదని క్రోగ్‌కు అనిపించింది. పిల్లకాలువ దూరంగా ఉంటే ఎంత వేగంగా పారినా మడి మధ్యలో మొక్కకు తడి అందదు. ఆక్సిజన్ నాళిక దాటి కణంలోకి ఇంకుతూ వెళ్లగలిగే దూరం చాలా తక్కువ, మిల్లీమీటరులో పదోవంతు కూడా ఉండదు.

ఆ లెక్క కట్టడానికి క్రోగ్‌కు సాయం చేసింది ఎర్లాంగ్ అనే గణితవేత్త. ఆయన ఉద్యోగం కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో. ఎంతమంది చందాదారులకు ఎన్ని లైన్లు వేస్తే కాల్ ఆలస్యం కాకుండా కలుస్తుందో తేల్చిన మనిషి. కేశనాళికను మధ్యలో పెట్టి, చుట్టూ గొట్టంలాంటి కండరాన్ని ఊహించి, ఎంత లోపలి కణం వరకు ఆక్సిజన్ చేరుతుందో చెప్పే సూత్రాన్ని ఆయన రాసిచ్చారు. వందేళ్లు దాటినా ఆ నమూనా ఇంకా పాఠ్యపుస్తకాల్లో ఉంది.

లెక్క ఒకటే చాలదు, కంటితో చూడాలి. కప్పల్లో, గినీపందుల్లో రక్తంలోకి సన్నటి నల్లసిరా ఎక్కించి, కండరాన్ని కోసి, సిరా చేరిన నాళికలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు క్రోగ్. విశ్రాంతిలో ఉన్న కండరంలో చదరపు మిల్లీమీటరుకు పదుల నుంచి కొన్ని వందల నాళికలే తెరిచి కనిపించాయి. పనిచేసిన కండరంలో ఆ సంఖ్య రెండు వేలు దాటింది. అవసరం లేనప్పుడు మడవ మూసి, అవసరమైనప్పుడు తెరిచే ఏర్పాటు ఒంట్లోనే ఉందన్నమాట. 1919లో వెలువడిన ఈ పరిశోధనకు మరుసటి ఏడాదే, 1920లో, నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ఏడు వైద్యశాస్త్ర బహుమతి ఆయన ఒక్కరికే.

ఆయన చెప్పినదంతా అలాగే నిలబడలేదు. విశ్రాంతిలో కూడా ఎక్కువ నాళికల్లో రక్తం ఎంతో కొంత పారుతూనే ఉంటుందనీ, మడవ తిప్పే పని ముఖ్యంగా వాటికి ముందుండే సన్నటి ధమనికలదనీ తర్వాతి పరిశోధనలు చూపాయి. కానీ చివరి అంగుళంలో పంపిణీని కణం అవసరమే నడిపిస్తుందన్న అసలు సంగతి మారలేదు. అలా కణంలోకి చేరిన ఆక్సిజన్‌తో పుట్టే శక్తి కండరంలో ఏ రూపంలో నిల్వ ఉంటుందన్న ప్రశ్నకు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించి 1927లో జవాబిచ్చారు. ఒకరు కాలువ కథ చెబితే, మరొకరు పంట కథ చెప్పారు.

భార్య జబ్బు, దేశానికి మందు

1922లో క్రోగ్ అమెరికా వెళ్లారు. యేల్ విశ్వవిద్యాలయంలో కేశనాళికల మీద ఉపన్యాసాలివ్వాలి. మేరీ కూడా వెంట ఉన్నారు. ఆమెకు అప్పటికే మధుమేహం బయటపడింది. తిండి తగ్గించడం తప్ప ఆ జబ్బుకు అప్పటిదాకా చెప్పుకోదగ్గ మందు లేదు. షుగర్ జబ్బు వచ్చిన చిన్నపిల్లలు ఎముకల గూళ్లయి కన్నుమూసేవారు. కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్ అనే మందు కనుక్కున్నారన్న వార్త అమెరికాలో అందరి నోటా ఉంది. అక్కడికి వెళ్లి చూద్దామని పట్టుబట్టింది మేరీయే. నవంబరులో క్రోగ్ టొరంటో వెళ్లి మాక్లియోడ్‌ను కలిశారు. స్కాండినేవియా దేశాల్లో ఇన్సులిన్ తయారుచేయడానికి అనుమతి తీసుకుని ఓడెక్కారు.

ఇంటికి రాగానే హాగెడార్న్ అనే వైద్యుడితో కలిసి పని మొదలుపెట్టారు. ఆ డిసెంబరు ముగియకముందే పశువుల క్లోమగ్రంథి నుంచి ఇన్సులిన్ తీయగలిగారు. 1923 మార్చిలో డెన్మార్క్ రోగులకు అది అందింది. అందుకోసం ఏర్పడిన నోర్డిస్క్ ఇన్సులిన్ ప్రయోగశాలే తర్వాతి కాలంలో నోవో నోర్డిస్క్‌లో కలిసింది. మేరీ ఆ తర్వాత ఇరవై ఏళ్లు జీవించి 1943లో కన్నుమూశారు. జర్మనీ ఆక్రమణ కాలంలో, 1944లో, క్రోగ్ ప్రాణభయంతో స్వీడన్‌లో తలదాచుకుని, యుద్ధం ముగిశాక తిరిగి వచ్చారు. చివరి రోజుల్లో చిన్ననాటి పురుగుల దగ్గరికే చేరి, అవి ఎగిరే తీరును పరిశీలిస్తూ గడిపారు. 1949 సెప్టెంబరు 13న కోపెన్‌హాగన్‌లో మరణించారు. చిన్న కూతురు బోడిల్ తల్లిదండ్రుల దారిలోనే పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త అయ్యారు.

మన పాదాల దాకా

ఈ జీవితంలో రెండు దారులు ఒకచోట కలుస్తాయి. క్రోగ్ జీవితమంతా చదివింది అతి సన్నటి నాళికలను. ఆయన ఇంటికి వచ్చిన జబ్బు దెబ్బతీసేది కూడా ఆ నాళికలనే. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమవుతాయి, కారుతాయి, మూసుకుపోతాయి. కంటి రెటీనాలో అయితే చూపు పోతుంది, మూత్రపిండాల్లో అయితే వడపోత చెడుతుంది, నరాలకు రక్తమిచ్చే నాళికల్లో అయితే పాదం మొద్దుబారుతుంది.

ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చుంటే ప్రొద్దుటూరు, పులివెందుల వైపు నుంచి పాదం పుండుతో వచ్చేవాళ్లు తరచుగా కనిపిస్తారు. చెప్పు కరిచిందో, ముల్లు గుచ్చుకుందో వాళ్లకు తెలియదు. నొప్పి లేదు కదా అని వారాల తరబడి ఊరుకుంటారు. నొప్పి లేకపోవడమే అక్కడ ప్రమాద సూచన. ఇన్సులిన్ మొదలుపెడదామంటే చాలామంది ఇళ్లలో ముఖాలు మారిపోతాయి. అది ఆఖరి దశలో ఇచ్చే మందన్న భయం ఇంకా పోలేదు. ఆ మందు కోసం ఒక నోబెల్ శాస్త్రవేత్త భార్య మాట విని దేశం దాటి వెళ్లాడన్న సంగతి గుర్తుంచుకోండి. మాత్రలు చాలనప్పుడు ఇన్సులిన్ నాళికలను కాపాడే మందే కానీ, ఓటమికి గుర్తు కాదు.

షుగరు ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెటీనా పరీక్ష, మూత్రంలో అల్బుమిన్ పరీక్ష తప్పక చేయించుకోవాలి. రక్తపోటు అదుపులో ఉండాలి. రాత్రి పడుకునే ముందు రెండు పాదాలూ, వేళ్ల సందులూ చూసుకోవాలి. అందకపోతే అద్దం పెట్టుకోండి, లేదా ఇంట్లోవాళ్లను చూడమనండి. వేసవి బండల మీద, గుడి ప్రాంగణాల్లో ఉత్తి కాళ్లతో నడవొద్దు. బీడీ, సిగరెట్‌లోని నికోటిన్ సన్నటి నాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది, అది మానాల్సిందే. కొంతదూరం నడవగానే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతుంటే పెద్ద ధమనిలో అడ్డంకి ఉండొచ్చు, డాక్టరుకు చూపించండి.

ఇక రోజూ నడక. క్రమం తప్పకుండా పనిచేసే కండరంలో కొత్త కేశనాళికలు పుట్టుకొస్తాయి. వైద్యుడు సరేనంటే, పాదాలకు సరైన చెప్పులతో, ఈ చలికాలం ఇంటిల్లిపాదీ గండికోట ఎక్కి రండి. ఆ రాత్రి పిక్కలు సలిపితే, లోపల పిల్లకాలువలన్నిటికీ నీళ్లు పారాయని అనుకోండి.