డాక్టర్ గారు... మొదటి ప్రపంచ కప్ కెప్టెన్

టెన్త్‌కి రాగానే ఆటలు మాన్పించేయాలా అని పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అడుగుతుంటారు. అప్పుడల్లా నాకు మిలుటిన్ ఇవ్‌కోవిచ్ గుర్తొస్తారు.

1906లో బెల్‌గ్రేడ్‌లో పుట్టారు. ఫుట్‌బాల్‌లో డిఫెండర్. యుగోస్లావియా తరఫున 39 మ్యాచ్‌లు ఆడారు. 1930లో ఉరుగ్వేలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ కప్‌లో ఆ జట్టు కెప్టెన్ ఆయనే. ఫుట్‌బాల్ సంఘం ఆఫీసును జాగ్రెబ్ నుంచి బెల్‌గ్రేడ్‌కు మార్చారన్న కోపంతో క్రొయేషియా ఆటగాళ్లు ఆ టోర్నీకి రాలేదు. (పెద్దల తగాదాలో నష్టపోయేది ఎప్పుడూ ఆటగాళ్లే!) ఉన్నవాళ్లతోనే ఓడెక్కి వెళ్లి, బ్రెజిల్‌ను 2-1తో, బొలీవియాను 4-0తో ఓడించి సెమీఫైనల్ చేరారు. అక్కడ మాత్రం ఉరుగ్వే చేతిలో 6-1తో ఓడిపోయారు.

ఇలా దేశాలు తిరిగి ఆడుతూనే ఆయన మెడిసిన్ చదివారు. 1934లో డాక్టర్ పట్టా అందుకుని, చర్మవ్యాధుల వైద్యుడయ్యారు.

ఒలింపిక్స్ విలువ ఆయనకు తెలియనిది కాదు, 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆడి వచ్చారు. అయినా 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు మాత్రం వెళ్లకూడదని బహిరంగంగా ప్రచారం చేశారు. ఆ పోటీలను హిట్లర్ తన గొప్ప చాటుకోవడానికి వాడుకుంటున్నాడన్నది ఆయన అభ్యంతరం. ఆటగాడు ఆటకే పరిమితం కావాలనే వాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు.

1941లో జర్మన్ సైన్యం బెల్‌గ్రేడ్‌ను ఆక్రమించింది. ఇవ్‌కోవిచ్ ఊరు వదలలేదు, ప్రతిఘటన ఉద్యమంతో సంబంధాలూ వదలలేదు. 1943 మే నెలలో గెస్టపో పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు. నగరం పక్కనే ఉన్న యాయింత్సిలో కాల్చి చంపారు. అప్పటికి ఆయనకు 37 ఏళ్లు.