నీటి బాటల నిర్మాత సర్ ఆర్థర్ కాటన్

ఉభయ గోదావరి జిల్లాల ప్రజలు అపర భగీరథుడిగా కొలిచే సర్ ఆర్థర్ కాటన్ పేరు వినగానే ఎవరికైనా ధవళేశ్వరం ఆనకట్ట గుర్తుకు వస్తుంది. గోదావరి డెల్టాను అన్నపూర్ణగా మలచిన సాగునీటి ఇంజనీరుగా ఆయన కీర్తి సుస్థిరం. ఆయన కాలువను పొలానికి నీరందించే సాధనంగానే కాక, సరుకు తరలించే రహదారిగా కూడా రూపకల్పన చేసిన రవాణా ప్రణాళికాకర్త అన్న విషయం అంతగా ప్రచారంలో లేదు. ప్రజాధనంతో ఏ మార్గాన్ని నిర్మించాలి, దానికి నిధులు ఎక్కడినుంచి తేవాలి, నష్టం వస్తే ఎవరు భరించాలి అన్న ప్రశ్నల చుట్టూనే ఆయన ఉద్యోగ జీవితం సాగింది. ఈ మూడు ప్రశ్నలకూ డెల్టాలో ఆయనకు సరైన సమాధానాలు లభించాయి. డెల్టా వెలుపల లభించలేదు. ఆ రెండు అనుభవాలనూ కలిపి పరిశీలించినప్పుడే కాటన్ జీవితం పూర్తిగా అవగతమవుతుంది.

బాల్యం, తొలి ఉద్యోగం

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. ఈస్టిండియా కంపెనీ సైనికాధికారులకు శిక్షణ ఇచ్చే అడిస్కాంబ్ విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరారు. 1821లో మద్రాసు చేరుకున్నారు. మరుసటి ఏడాది ఆయనకు అప్పగించిన తొలి బాధ్యతల్లో ఒకటి రవాణాకు సంబంధించినదే కావడం విశేషం. భారతదేశానికి, సింహళానికి నడుమ ఉన్న పాంబన్ మార్గంలో ఓడల రాకపోకలకు గల అవకాశాలను ఆయన సర్వే చేశారు. 1824లో ఆరంభమైన మొదటి బర్మా యుద్ధంలో పాల్గొని తిరిగివచ్చిన అనంతరం, 1828లో కావేరి డెల్టా నీటిపారుదల పనుల బాధ్యత స్వీకరించారు.

అక్కడ చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్ట ఆయనకు గురువైంది. లోతైన ఇసుకలో గట్టి పునాది దొరకనప్పుడు కట్టడాన్ని ఎలా నిలబెట్టవచ్చునో ప్రాచీన నిర్మాతల పనితనాన్ని చూసి ఆయన గ్రహించారు. ఆ పరిజ్ఞానంతోనే 1836 నాటికి కొల్లిడం నదిపై ఎగువ, దిగువ ఆనకట్టలను పూర్తిచేశారు. తంజావూరు సీమ సాగు నిలదొక్కుకున్నది. గోదావరి ఆనకట్టకు బీజం ఇక్కడే పడింది.

రైలు పట్టాలు వేసిన చేతులు

కాలువల పక్షాన నిలిచి రైల్వేలను విమర్శించిన వ్యక్తిగా కాటన్ చరిత్రలో నిలిచారు. అయితే దేశంలోని తొలి రైలు మార్గాల నిర్మాణంలో ఆయన హస్తం ఉన్నదన్న సంగతి గమనార్హం. మద్రాసు నగర రహదారులకు అవసరమైన రాయిని తరలించేందుకు రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేట వరకు వేసిన రైలు మార్గం 1837లో పనిచేసింది. బోరీబందర్ నుంచి ఠాణాకు తొలి ప్రయాణికుల రైలు నడిచిన 1853కు ఇది 16 ఏళ్ల ముందటి మాట. తరువాత ధవళేశ్వరం కొండ రాయిని నదీ తీరానికి చేర్చడానికి కూడా ఆయన పట్టాలనే ఆశ్రయించారు. అందువల్ల రైలుపై ఆయన చేసిన విమర్శ తెలియనితనం వల్ల చేసినది కాదు. ఏ పనికి ఏ మార్గం చౌక అన్న లెక్క ఆయన వాదానికి మూలం.

గోదావరి ప్రణాళిక

1830వ దశకంలో గోదావరి, కృష్ణా మండలాల స్థితి దయనీయంగా ఉండేది. నందన నామ సంవత్సరపు కరువు 1833లో గుంటూరు సీమను తుడిచిపెట్టింది. 1839లో కోరంగి తీరాన్ని తుఫాను ముంచెత్తింది. రాజమండ్రి జిల్లాలో జనాభా తగ్గి, శిస్తు వసూళ్లు పడిపోయాయి. జిల్లా దుస్థితిపై సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో నివేదిక సమర్పించారు. ఆరోగ్యం దెబ్బతిని సెలవుపై వెళ్లివచ్చి విశాఖపట్నంలో తీర రక్షణ పనులు చూస్తున్న కాటన్‌కు గోదావరి పరిశీలన బాధ్యత లభించింది.

1844, 1845 సంవత్సరాల్లో ఆయన సమర్పించిన నివేదికలు కేవలం ఒక గోడ నిర్మాణానికి ఉద్దేశించినవి కావు. ఆనకట్ట, తల తూములు, కాలువలు, లాకులు, గట్లు, వంతెనలు అన్నీ ఒకే ప్రణాళికలో భాగాలు. డెల్టాలో నది ఒడ్డు ఎత్తుగా, లోపలి భూమి పల్లంగా ఉంటుంది. ఎత్తైన చోటునుంచి కాలువ తీస్తే నీరు తనంతట తానే పొలాలకు పారుతుంది. వాలు ఎక్కువైన చోట లాకు నిర్మిస్తే పడవ ఒక మట్టం నుంచి మరొక మట్టానికి ఎక్కుతుంది, దిగుతుంది. తవ్విన మట్టితో వేసిన గట్టు మీదుగా మనుషులు తాడుతో పడవను లాగవచ్చు. ఆ గట్టే బాటగానూ ఉపకరిస్తుంది. ఒక్కసారి పెట్టిన ఖర్చుతో సాగునీరు, జలమార్గం, కాలిబాట మూడూ సమకూరడం ఈ ప్రణాళికలోని కీలకాంశం. అడుగడుగునా నదీపాయలు, బురద నేలలు ఉండి, వర్షాకాలంలో బండి కదలని ప్రాంతానికి ఇంతకు మించిన రవాణా సాధనం ఆనాడు లేదు.

ఆనకట్టకు 5 లక్షల రూపాయల లోపు అంచనాతో 1846 డిసెంబరులో అనుమతి లభించింది. 1847లో పనులు ఆరంభమై 1852లో పూర్తయ్యాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా సాగిన ఈ కట్టడం మొత్తం పొడవు సుమారు 3.6 కిలోమీటర్లు. మధ్యలో అనారోగ్యం కారణంగా కాటన్ సెలవుపై వెళ్లగా కెప్టెన్ ఛార్లెస్ ఆర్ పనులను కొనసాగించారు. కూలీలను సమీకరించి, పనులను ముందుకు నడిపించిన తెలుగు అధికారి వీణం వీరన్న సేవలు ఈ నిర్మాణంలో చిరస్మరణీయమైనవి. కోనసీమలోని పి. గన్నవరం వద్ద వైనతేయ పాయ మీదుగా కాలువ నీటిని అవతలి లంకకు చేర్చే 49 కమానుల అక్విడక్టును లెఫ్టినెంట్ హేగ్ ఆ తరుణంలోనే నిర్మించారు. ఆ కట్టడం స్థానంలో 2000లో కొత్త అక్విడక్టు వచ్చింది.

రేవుకు చేరిన ధాన్యం

గోదావరి అనుభవంతో కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణా ఆనకట్ట పూర్తయింది. తదుపరి కాలంలో ఏలూరు కాలువ కృష్ణా, గోదావరి డెల్టాలను కలిపింది. ధవళేశ్వరం నుంచి వెళ్లిన కాలువ కాకినాడ రేవును అందుకున్నది. దక్షిణాన కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలిసింది. 1806లో మద్రాసు వద్ద ఒక ప్రైవేటు గుత్తేదారు మొదలుపెట్టిన ఆ ఉప్పునీటి కాలువను 1876–78 నాటి ధాత కరువు సహాయ పనుల కింద విస్తరించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. ఆ విధంగా కాకినాడ నుంచి మద్రాసు దాటి మరక్కాణం వరకు తీరం వెంట ఎడతెగని జలమార్గం ఏర్పడింది.

ధాన్యం, ఉప్పు, కలప, రాయి, ఇటుక వంటి సరుకులకు వేగం కన్నా చౌక ముఖ్యం. ఎద్దుబండి మోయగలిగిన బరువుకు ఎన్నో రెట్లు ఒక్క పడవ మోసేది. పంట పండినా అమ్ముకోవడానికి దారిలేక రైతు నష్టపోయే రోజులు డెల్టాలో అంతరించాయి. కరువుకు మారుపేరైన సీమ ఇతర ప్రాంతాలకు ధాన్యం పంపే స్థితికి చేరుకున్నది.

రైల్వేలతో నిధుల వివాదం

డెల్టాలో ఆనకట్టలు లేస్తున్న కాలంలోనే దేశంలో రైల్వేల నిర్మాణానికి 1849లో ఒప్పందాలు కుదిరాయి. లండన్ వాటాదారుల పెట్టుబడిపై 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. రైలు మార్గం అంత ఆదాయం తేలేని పక్షంలో మిగిలిన మొత్తాన్ని భారత ఖజానా, అంటే ఇక్కడి పన్ను చెల్లింపుదారులు, భరించవలసి వచ్చేది. ఖర్చు పెరిగినా వాటాదారునికి నష్టం లేకపోవడంతో పొదుపు పాటించవలసిన అవసరం కంపెనీలకు లేకపోయింది. ఈ విధానాన్ని కాటన్ తీవ్రంగా వ్యతిరేకించారు. పేద దేశానికి ముందుగా కావలసినవి నీరు, చౌకైన జలమార్గాలేనని ఆయన వాదించారు. రైలు ధాన్యాన్ని మోయగలదే గాని పండించలేదని, కాలువ ఆ రెండు పనులూ చేయగలదని ఆయన వాదసారం.

విఫలమైన అంచనాలు

ఆ వాదాన్ని డెల్టా వెలుపల నిరూపించే ప్రయత్నాలు ఆయన ఆశించినట్లు సాగలేదు. తుంగభద్రపై సుంకేశుల నుంచి కడప వరకు కాలువ నిర్మించేందుకు మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పాటైంది. కాటన్ ఆలోచనల ఆధారంగానే ఇది రూపొందింది. ఆయన రైల్వేల విషయంలో తప్పుపట్టిన 5 శాతం వడ్డీ హామీనే ఈ కంపెనీ 10 లక్షల పౌండ్ల మూలధనంపై పొందింది. కొండలు, రాతి నేల, పరీవాహక ప్రాంతాల సరిహద్దు దాటవలసిన దారి కారణంగా ఖర్చు అంచనాలను మించిపోయింది. మూలధనం చాలక ప్రభుత్వం రుణం ఇవ్వవలసి వచ్చింది. తీరా నీరు వచ్చిన తరువాత నల్లరేగడిలో మెట్టపంటలకు అలవాటుపడిన రైతులు దానిని తీసుకోవడానికి అంతగా ముందుకు రాలేదు. ఆశించిన పడవ రవాణా కూడా సమకూరలేదు. 1882లో ప్రభుత్వం కాలువను స్వాధీనపరచుకున్నది. నేడు కర్నూలు, కడప సీమలకు ఎంతో ఆదరువుగా ఉన్న కె.సి. కాలువ తొలి చరిత్ర ఇది.

గోదావరి ఎగువ భాగాన్ని బేరారు పత్తి సీమకు జలమార్గంగా మార్చాలన్న పథకానిదీ అదే గతి. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి తదితర ప్రాంతాల్లో రాతి అడ్డంకులను దాటేందుకు ఆనకట్టలు, లాకుల కాలువలు తలపెట్టారు. వేసవిలో నదిలో నీరు చాలదు. అడవి జ్వరాలు పనివారిని వేధించాయి. ఇంతలో 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరుకోవడంతో పత్తికి మరో దారి దొరికింది. 1871లో పథకాన్ని విరమించారు. భద్రాచలం సమీపంలోని దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నానికి సాక్ష్యంగా మిగిలింది.

డెల్టాలో మెత్తని నేల, సహజమైన వాలు, వరికి అలవాటుపడిన రైతు, దగ్గరలో రేవు ఉన్నాయి. ఇవేవీ లేనిచోట అదే నమూనా అంచనాలను తలకిందులు చేసింది. కాటన్ ఉత్సాహం ఈ తేడాను కొంత తక్కువగా లెక్కించిందన్నది కాదనలేని వాస్తవం.

చివరి సంవత్సరాలు

1860లో ఉద్యోగ బాధ్యతలు విడిచి ఇంగ్లండు వెళ్లిన కాటన్‌కు 1861లో సర్ బిరుదు లభించింది. దేశంలోని ప్రధాన నదులన్నిటినీ నౌకాయోగ్యమైన కాలువలతో కలపాలన్న పథకాన్ని ఆయన విడవలేదు. ధాత కరువు అనంతరం, 75 ఏళ్ల వయసులో, ప్రజాపనులపై బ్రిటిష్ పార్లమెంటు నియమించిన కమిటీ ఎదుట తన వాదాన్ని వినిపించారు. లార్డ్ జార్జ్ హామిల్టన్ అధ్యక్షతన గల ఆ కమిటీ అంత భారీ వ్యయానికి సమ్మతించలేదు. శేషజీవితం డార్కింగ్‌లో వ్యవసాయ ప్రయోగాలతో గడిపి 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రాజమండ్రి వద్ద గోదావరిపై రైలు వంతెన ఆ మరుసటి ఏడాది, 1900లో, ప్రారంభమైంది.

నేటికీ నిలిచిన బాట

20వ శతాబ్దంలో రైళ్లు, లారీలు పెరిగేకొద్దీ డెల్టా కాలువల్లో పడవలు తగ్గి, క్రమంగా కనుమరుగయ్యాయి. పాత ఆనకట్ట స్థానంలో నిర్మించిన సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీని 1982లో జాతికి అంకితం చేశారు. సుమారు 10 లక్షల ఎకరాలకు నీరందించే ఆ బ్యారేజీ గోదావరి రెండు గట్లనూ రోడ్డుమార్గంతో కలుపుతున్నది. 1952లో కృష్ణా ఆనకట్టకు గండి పడగా, 1957లో దాని చోట వచ్చిన ప్రకాశం బ్యారేజీ సైతం నీటితో పాటు దారినీ సమకూర్చింది. కాకినాడ–పుదుచ్చేరి కాలువలు, గోదావరి, కృష్ణా నదుల భాగాలతో కూడిన మార్గాన్ని 2008లో 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాటన్ తరం గీసిన రేఖలే ఈ మార్గానికి చాలావరకు ఆధారం కావడం గమనించదగ్గ విషయం.

ఏటా మే 15న గోదావరి తీర ప్రజలు ఆయన విగ్రహాలకు పూలమాలలు వేస్తారు. పుష్కరాలలో పితృదేవతలతో పాటు ఆయనకు తర్పణం విడిచేవారు ఉన్నారు. పరాయి పాలనకు చెందిన ఒక అధికారికి ఇంతటి గౌరవం దక్కడం అరుదు. నీరు, దారి, రేవు ఒకే ప్రణాళికలో ఉండాలని ఆయన విజయం చాటుతుంది. నేల తీరును, రైతు అవసరాన్ని, ఖజానా భారాన్ని ముందుగానే తూచి చూడాలని ఆయన వైఫల్యం హెచ్చరిస్తుంది. రహదారి, రైలు, జలమార్గం ఏది తలపెట్టినా అంచనాలు రూపొందించే వారికి ఈ రెండు పాఠాలూ నేటికీ శిరోధార్యాలు.